కాటా చీటీ నుంచి ఏపీఐ దాకా: నలుగురు కలిసి వెబ్ సర్వీసు ప్రమాణం రాసుకునే పద్ధతి

చెరువు గట్టు మీద రొయ్యలు తూచి కాటా చీటీ రాసేటప్పుడు రైతుకీ కొనుగోలు ఏజెంటుకీ మాటల్లో తేడా రాదు. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు, అనుమానం వస్తే అక్కడే అడుగుతారు. అదే చీటీ రైతు వాడే చెరువు లెక్కల యాప్ నుంచి ఏజెంటు సాఫ్ట్‌వేర్‌కీ, అక్కణ్నుంచి ప్రాసెసింగ్ ప్లాంటు సర్వర్‌కీ వెళ్లాలంటే అడగడానికి మనిషి ఉండడు. అందుకే ప్రతి ఇద్దరి మధ్యా ఒక్కో రకం ఎక్సెల్ షీటు, తేడా వచ్చినప్పుడల్లా ఒక ఫోను. నాలుగు సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఆరు విడి ఒప్పందాలు కావాలి. పది అయితే నలభై అయిదు. సాఫ్ట్‌వేర్లు నెట్ మీద ఇలా మాట్లాడుకునే ఏర్పాటు వెబ్ సర్వీసు, దాన్ని పిలిచే తీరు ఏపీఐ. ఏ సమాచారం ఏ రూపంలో పంపాలో చెప్పే ఉమ్మడి ప్రమాణం ఉంటే ఎవరి కోడ్ వాళ్లు ఒక్కసారి రాసుకుంటే సరిపోతుంది.

భీమవరం, ఆకివీడు, అమలాపురం వైపు ఆక్వా సాఫ్ట్‌వేర్ రాసే చిన్న జట్లూ, ప్లాంటుల ఐటీ వాళ్లూ, ఏజెంట్లూ కలిసి అలాంటి ప్రమాణం రాసుకోవాలంటే పని ఏ వరసలో నడవాలో చెబుతున్నాం. ఇక్కడ ఉదాహరణ కాటా చీటీ. ధాన్యం రసీదుకైనా, కొబ్బరి లోడు చీటీకైనా పద్ధతి మారదు.

ముందు, రాయక్కర్లేనివి పక్కన పెట్టండి

ఇంటర్నెట్ ప్రమాణాలు ఆర్‌ఎఫ్‌సీ అనే నంబరు వేసిన పత్రాలుగా వస్తాయి. వెబ్ మీద సందేశాలు పంపుకునే పద్ధతి హెచ్‌టీటీపీకి ఆర్‌ఎఫ్‌సీ 9110 ఉంది. సమాచారాన్ని గడులుగా రాసే రూపం జేసన్‌కి 8259, తేదీ సమయాలకి 3339, లోపం వచ్చినప్పుడు ఇచ్చే జవాబు రూపానికి 9457 ఉన్నాయి. సర్వీసు వర్ణనకు ఓపెన్‌ఏపీఐ ఉంది. స్వాగర్ పేరుతో మొదలైన ఆ పద్ధతి 2015 నుంచి లైనక్స్ ఫౌండేషన్ నీడలో నడుస్తోంది. వీటిని పేరుతో, నంబరుతో ఉటంకించండి. కాపీ కొట్టి మీ మాటల్లో తిరగరాయకండి. తిరగరాసిన ప్రతి వాక్యం కొంత కాలానికి అసలు పాఠంతో విభేదిస్తుంది.

మీ సరుకుకి ఇప్పటికే ప్రమాణం ఉందేమో కూడా చూడండి. సరుకు ఎక్కడ పుట్టి ఎక్కడికి వెళ్లిందో చెప్పడానికి బార్‌కోడ్ ప్రమాణాలు చూసే సంస్థ జీఎస్1 వారి ఈపీసీఐఎస్ ఉంది, 2022లో వచ్చిన 2.0 వెర్షన్ జేసన్‌నీ వెబ్ ఏపీఐనీ చేర్చుకుంది. సముద్ర ఆహారం కోసం దాని మీదే కట్టిన జీడీఎస్‌టీ ప్రమాణం 2020లో వచ్చింది, సాగు రొయ్యకూ వర్తిస్తుంది. ఎగుమతి కొనుగోలుదారు అడిగేది అదే అయితే మీరు రాయాల్సింది గట్టుకీ ప్లాంటుకీ మధ్య ఉన్న చిన్న ముక్క ఒక్కటే. ఆ ముక్క నుంచి పై ప్రమాణంలోకి ఏ గడి ఏ గడిగా మారుతుందో చూపే పట్టిక జత చెయ్యండి.

ఒక పేజీ పరిధి పత్రం

ఆర్‌ఎఫ్‌సీలు రాసే సంస్థ ఐఈటీఎఫ్‌లో ఏ బృందమూ పరిధి పత్రం లేకుండా మొదలవదు. మీరూ ఒక పేజీ దాటకుండా అయిదు సంగతులు రాయండి: ఏం చేస్తాం, ఏం చెయ్యం, ఎవరు నడుపుతారు, నిర్ణయం ఎలా అవుతుంది, ఎప్పటికి ముగుస్తుంది. రెండోది అన్నిటికంటే ముఖ్యం. కాటా చీటీ పంపడం, సరిదిద్దడం, రద్దు చెయ్యడం, అందినట్టు జవాబివ్వడం లోపల ఉంటాయి. మేత అప్పు, చెల్లింపు, సీడు నాణ్యత, చెరువు నీటి పరీక్షలు బయట ఉంటాయి. ఇది రాసుకోకపోతే మూడో సమావేశానికల్లా ఎవరో ఒకరు చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ కరెంటు లెక్కలు కూడా చేర్చమంటారు.

వెబ్ సర్వీసుల చరిత్రలో అతి ఆశకు గుర్తుండిపోయే ఉదాహరణ యూడీడీఐ. ప్రపంచంలోని సర్వీసులన్నిటికీ ఒకే బహిరంగ డైరెక్టరీ అంటూ 2000లో మొదలైంది. ఐబీఎం, మైక్రోసాఫ్ట్, ఎస్‌ఏపీ నడిపిన ఆ బహిరంగ రిజిస్ట్రీని 2006 జనవరిలో మూసేశారు. వ్యాపారులు ముఖం తెలియని సర్వీసును డైరెక్టరీలో వెతికి పట్టుకుని సరుకు కొనరు. అవసరం పుట్టకముందే దానికి పరిష్కారం రాయడం జరిగింది.

గడువు గురించి మా లెక్క ఇది. మొదటి ముసాయిదా 6 వారాల్లో, పరీక్ష రోజు 12వ వారంలో, ఆ తర్వాత 2 వారాలు ఆఖరి అభ్యంతరాలకు. రెండు వారాలకోసారి గంట సమావేశం చాలు. ఎజెండా మూడు రోజుల ముందు, తీర్మానాల కాగితం రెండు రోజుల్లోపు అందరికీ వెళ్లాలి. సంక్రాంతి వారంలో సమావేశం పెట్టకండి, డెల్టాలో ఎవరూ రారు. రాని వాళ్ల వెనుక తీసుకున్న నిర్ణయం మళ్లీ తిరగబడుతుంది.

ఎవరెవరు కూర్చోవాలి

ఆరు నుంచి పది మంది. నడిపేవారు ఒకరు, పాఠం రాసే ఎడిటర్ వేరొకరు. ఈ రెండు పనులూ ఒకరి చేతిలోనే ఉంటే తన వాక్యానికి వచ్చిన అభ్యంతరాన్ని తానే తీర్పు చెప్పుకోవాల్సి వస్తుంది. ఒక కంపెనీ నుంచి ఎంతమంది వచ్చినా గొంతు ఒక్కటే. ప్రమాణాన్ని తర్వాత కోడ్‌గా రాయబోయేవాళ్లు తప్పకుండా ఉండాలి. మేనేజర్లే ఉన్న బృందం రాసిన పాఠం చదవడానికి బాగుంటుంది, కోడ్ రాయబోతే ఆగిపోతుంది. కాటా దగ్గర నిజంగా నిలబడే మనిషిని కనీసం రెండు సమావేశాలకు పిలవండి. ట్రే బరువు ఎప్పుడు తీస్తారో, నీరు కారనిచ్చాక తూస్తారా ముందా అన్నది ఆయనకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

మొదటి ముసాయిదా కంటే ముందే రెండు కాగితాల మీద సంతకాలు కావాలి. ఒకటి హక్కులది: పాఠాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఇందులో తన పేటెంటు ఏదైనా ఉంటే సభ్యుడు ముందే చెప్పాలి, దానికి రుసుము అడగకూడదు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2004లో తెచ్చిన రాయల్టీ లేని పేటెంటు విధానం దీనికి మంచి నమూనా. రెండోది ధరల గురించి. పోటీ వ్యాపారులు ఒక గదిలో కూర్చుని ధర మాట్లాడుకుంటే 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ కిందికి రావచ్చు. చీటీలో ధర గడి ఉండొచ్చు. ఈ వారం 50 కౌంటుకి (కిలోకి 50 తూగే రొయ్యకి) ఎంతిస్తున్నారన్న మాట మాత్రం ఆ గదిలో రాకూడదు, వస్తే నడిపేవారు అక్కడే ఆపాలి.

మాటల పట్టిక: అసలు పని ఇక్కడే

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా జేసన్ రాయడానికి కూర్చుంటారు. మూడు వారాలు జేసన్ జోలికి వెళ్లకండి. కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి, మాట, అర్థం, కొలిచే తీరు అని రాసుకోండి. గడుల పేర్లు కోడ్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నా ఫరవాలేదు, అర్థం మాత్రం అందరూ మాట్లాడుకునే తెలుగులో ఉండాలి.

కౌంటుతోనే మొదలుపెడదాం. గట్టు మీద 40 కౌంటు అంటే తలతో కలిపి కిలోకి 40 రొయ్యలు, ఒక్కోటి 25 గ్రాములు. ఎగుమతి పెట్టె మీద తల తీసిన రొయ్యకు కౌంటు తరచు పౌనుకి లెక్క. పౌను 453.6 గ్రాములు కనుక అక్కడ 40 అంటే ఒక్కో ముక్క 11 గ్రాముల పైచిలుకు. ఒకే అంకె, ఒకే మాట, రెండు వేర్వేరు రొయ్యలు. పైగా కౌంటు పెరిగితే రొయ్య చిన్నదవుతుంది. "కౌంటు 50 కంటే ఎక్కువ ఉన్నవి" అని ఒకరు వడపోత రాస్తే పెద్ద రొయ్య కావాల్సిన చోట చిన్నది వస్తుంది.

దీనికి విరుగుడు: లెక్కగట్టిన దాన్ని కాదు, కొలిచిన దాన్ని పంపండి. నమూనా బరువు 2000 గ్రాములు, నమూనాలో రొయ్యలు 98, తల ఉంది. పుచ్చుకునే సాఫ్ట్‌వేర్ తనకు కావాల్సిన కౌంటు తానే తీసుకుంటుంది, ఇక్కడ కిలోకి 49. కౌంటునీ సగటు బరువునీ రెండూ పంపే ఏర్పాటు చేస్తే ఏదో ఒక రోజు రెండూ పొసగవు. అప్పుడు ఏది నిజమో చెప్పే వాక్యం ప్రమాణంలో ఉండదు.

బరువు కూడా అంతే. మొత్తం బరువు, ట్రేల బరువు, నికర బరువు మూడూ వేరు గడులు. తరుగు ఇంకో వరస, కారణం కోడ్‌తో సహా: మెత్త రొయ్య, విరిగినది, నీరు, ఇతరం. తరుగును నికర బరువులోనే కలిపేస్తే రైతుకు ఎందుకు తగ్గిందో తెలిసే దారి ఉండదు. ఈ విషయంలో రాజీ పడొద్దని గట్టిగా చెబుతాం. బరువులన్నీ గ్రాముల్లో, పూర్ణాంకాలుగా పంపండి. 1250.5 కిలోలు అంటే 1250500. దశాంశాలు చాలా భాషల్లో ద్విసంఖ్యా రూపంలో నిలవవుతాయి కాబట్టి 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. నాలుగు వందల ట్రేలు కూడేసరికి కాటా మొత్తం, సర్వర్ మొత్తం అచ్చంగా సరిపోకపోవచ్చు. డబ్బు అయితే పైసల్లో. ధాన్యానికి ఈ పద్ధతి వాడేవాళ్లు బస్తా అన్న మాటని కొలతగా అసలు ఒప్పుకోకండి. రైతు నోట బస్తా 75 కిలోలు, కళ్ల ముందున్న సంచిలో అంత ఉండకపోవచ్చు.

తేదీకి వచ్చేసరికి, 05/06/2025 అంటే జూన్ 5 అని మనం చదువుతాం, మే 6 అని చదివే లైబ్రరీలు (సిద్ధంగా దొరికే కోడ్) ఉన్నాయి. ఆర్‌ఎఫ్‌సీ 3339 రూపం, ముందు సంవత్సరం, చివర +05:30 తప్పనిసరి చెయ్యండి. అంతకంటే లోతైన ప్రశ్న మరోటి ఉంది. రొయ్యల పట్టుబడి రాత్రి మొదలై తెల్లారే దాకా సాగుతుంది. అర్ధరాత్రి దాటిన ట్రేలు ఏ తేదీవి? వల మొదటిసారి వేసిన సమయమే పట్టుబడి తేదీ అని నిర్ణయించి రాయండి. ఒక్కో తూకానికి దాని సమయం వేరే గడిలో ఉంటుంది. ఫోన్ గడియారం తప్పు కావచ్చు గనుక సర్వర్‌కి అందిన సమయం మూడో గడి.

ఊరి పేరు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమకు వెళ్లింది. భీమవరం పశ్చిమ గోదావరి కేంద్రమైంది, ఏలూరు వేరే జిల్లా అయింది. చెరువు గుర్తింపు సంఖ్యలో జిల్లా అక్షరాలు ఇరికించిన సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఆ రోజు నుంచి సంఖ్య ఒకటి చెబుతుంది, నిజం ఇంకోటి. గుర్తింపు సంఖ్యలో అర్థం పెట్టకూడదన్న నియమం ఇందుకే. ఊరికి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని గ్రామ కోడ్ వాడండి. పేరు చదువుకోవడానికి మాత్రమే, పోల్చడానికి కాదు. రాజమండ్రి, రాజమహేంద్రవరం ఒకటేనని మనకు తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు.

తెలుగులో రాసిన పేర్లలో కంటికి కనిపించని తేడాలు రెండు ఉన్నాయి, మొదటి పరీక్షలోనే బయటపడతాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ కి వ కి మధ్య ఒత్తు పడకుండా ఆపే, కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకోటి వెయ్యదు. అలాగే ఐత్వం గుర్తు, అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో, ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జతగానూ రావచ్చు. రెండోదానికి ఎన్‌ఎఫ్‌సీ (అలాంటి జతలను ఒకే సంకేతంగా కలిపే) రూపంలోకి మార్చి పంపాలని రాస్తే సరిపోతుంది. మొదటిదాన్ని ఎన్‌ఎఫ్‌సీ తీసెయ్యదు. పోల్చేటప్పుడు ఆ అక్షరాన్ని వదిలెయ్యాలని విడిగా రాయాల్సిందే.

సిగ్నల్ పోయినప్పుడు

చెరువుల మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. చీటీ సర్వర్‌కి చేరింది, జవాబు తిరిగి రాలేదు, యాప్ మళ్లీ పంపింది: ఒకే సరుకుకి రెండు చీటీలు. హెచ్‌టీటీపీలో సమాచారం పంపే పద్ధతులు రెండు, పోస్ట్, పుట్. పోస్ట్ పద్ధతిలో రెండుసార్లు పంపితే రెండు పనులు జరగవచ్చు, పుట్ ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒక్కటే కావాలి. కాబట్టి చీటీ సంఖ్యను యాప్ తానే యూయూఐడీగా (మరెక్కడా రాని పొడవాటి గుర్తింపు సంఖ్యగా) పుట్టించి పుట్‌తో పంపాలని రాయండి. అదే సంఖ్య, అదే సమాచారం మళ్లీ వస్తే సర్వర్ విజయం అనే చెప్పాలి. అదే సంఖ్యతో వేరే సమాచారం వస్తే 409 లోపం (ఉన్నదానితో పొసగట్లేదని చెప్పే కోడ్) ఇవ్వాలి. సరిదిద్దిన చీటీకి కొత్త సంఖ్య, పాత సంఖ్యకు సూచన ఉండాలి. పాత చీటీని చెరిపెయ్యకూడదు.

తెలుగులో నియమాలు రాసేటప్పుడు

ఇంగ్లిషు ప్రమాణాల్లో తప్పనిసరి, మంచిది, ఇష్టం అనే మూడు స్థాయిలకు మూడు మాటలు 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 స్థిరపరిచింది. అవే మాటలు మామూలు వాక్యాల్లోనూ వస్తుండడంతో గందరగోళం పుట్టి, పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే ఆ ప్రత్యేక అర్థమని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 తేల్చాల్సి వచ్చింది. మన చిక్కు ఇంకా పెద్దది. "పంపాలి" అన్న ఒక్క మాటలో ఆజ్ఞా ఉంది, సలహా కూడా ఉంది. అందుకని నియమ వాక్యాల్లో "తప్పనిసరి", "తగును", "ఐచ్ఛికం" అన్న మూడే వాడండి, లావు అక్షరాల్లో వెయ్యండి, మొదటి పేజీలో అర్థం చెప్పండి. తగును అని రాసిన ప్రతిచోటా ఎప్పుడు మానుకోవచ్చో పక్కనే రాయండి.

రెండో చిక్కు కర్త. "సంతకం సరిచూడాలి" అన్నది చక్కని తెలుగు వాక్యమే, ఎవరు చూడాలో అందులో లేదు. యాప్ రాసినవాళ్లు సర్వర్ చూస్తుందనుకుంటారు, సర్వర్ రాసినవాళ్లు ఏజెంటు చూసే ఉంటాడనుకుంటారు, ఎవరూ చూడరు. ప్రతి నియమం "పంపేవారు" అనో "పుచ్చుకునేవారు" అనో మొదలవాలి. ప్రతి నియమానికీ ఒక నంబరు, ఒక వాక్యంలో ఒకే నియమం.

"ఇలాగైనా చెయ్యొచ్చు, అలాగైనా చెయ్యొచ్చు" అన్న వాక్యాలను అనుమానంగా చూడండి. గొడవ తప్పించుకోవడానికి రాసినవే ఎక్కువ. వెబ్ సర్వీసుల పాత సందేశ పద్ధతి సోప్ విషయంలో జరిగింది ఇదే. ఒకే సందేశాన్ని రకరకాలుగా కూర్చే వీలున్నందువల్ల ఒక కంపెనీ సాధనంతో చేసిన సర్వీసు ఇంకో కంపెనీ సాధనానికి అర్థం కాలేదు. ఆ దారులను కుదించడానికే 2002లో డబ్ల్యూఎస్-ఐ అనే సంస్థ పుట్టింది. 2004లో అది ఖరారు చేసిన బేసిక్ ప్రొఫైల్ 1.0 సోప్ సొంత ఎన్‌కోడింగ్‌ను పక్కన పెట్టించింది. మొదటి రోజే ఒక దారి ఎంచుకుని ఉంటే రెండో సంస్థ అక్కర్లేకపోయేది.

అభ్యంతరం తేల్చడం

సమావేశంలో అన్న మాట లెక్కలోకి రాదు, రాసి నంబరు వేయించుకున్నదే అభ్యంతరం. అందులో నాలుగు ఉండాలి: ఏ నియమం, ఏ సందర్భంలో విఫలమవుతుంది, ఉదాహరణ సందేశం, బదులుగా ప్రతిపాదించే వాక్యం. చివరిది లేని అభ్యంతరాన్ని కూడా తీసుకోండి, కానీ ఒక వారంలో వాక్యం తెమ్మని అడగండి.

చేతులెత్తించి లెక్కపెట్టే పద్ధతి వద్దు. 1992లో ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన డేవిడ్ క్లార్క్ ఐఈటీఎఫ్ తీరును చెబుతూ రాజులూ అధ్యక్షులూ ఓటింగూ వద్దు, స్థూలమైన ఒప్పుదల, నడిచే కోడ్ కావాలి అన్నారు. స్థూలమైన ఒప్పుదలంటే మెజారిటీ కాదు. 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7282 దీన్ని విడమరిచింది: ప్రతి అభ్యంతరాన్నీ ఒప్పుకోనక్కర్లేదు, కానీ ప్రతిదానికీ సాంకేతికమైన జవాబు చెప్పి తీరాలి. పదిమంది అవునన్నా, ఒక్కరు చెప్పిన లోపానికి జవాబు లేకపోతే ఒప్పుదల కుదిరినట్టు కాదు. కాలువ కింద సాగు చేసేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. దాళ్వాలో (రబీ వరిలో) నీళ్ల వంతులు సరిగ్గా ఉన్నాయో లేదో తెలిసేది తలకాలువ దగ్గర కాదు, శివారు చేను దగ్గర. ఇద్దరే ఉద్యోగులున్న చిన్న సాఫ్ట్‌వేర్ జట్టు ఈ నియమం మేం రాయలేం అంటోందంటే, అది శివారు చేను మాట అనుకుని వినండి.

తేలిన ప్రతి అభ్యంతరానికీ కారణం రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. కొత్త ఆధారం లేకుండా అదే ప్రశ్న మళ్లీ తెరవకూడదు.

పరీక్ష రోజు

కనీసం రెండు వేర్వేరు జట్లు, వేర్వేరు కోడ్‌తో, ఆ పాఠం ఒక్కటే చూసి రాసిన సర్వీసులు మాట్లాడుకునే వరకు దాన్ని ప్రమాణం అనకండి. ఒకే లైబ్రరీ వాడిన ఇద్దరిని ఇద్దరుగా లెక్కపెట్టకూడదు, తప్పు ఇద్దరిలోనూ ఒకేలా ఉండి పరీక్ష గట్టెక్కిపోతుంది. ముగ్గురు వస్తే పంపేవారు, పుచ్చుకునేవారు జతలు ఆరు, నలుగురైతే పన్నెండు, అయిదుగురైతే ఇరవై. అయిదుగురి కంటే ఎక్కువైతే రోజు చాలదు.

పలకలా ఒక పట్టిక వేసి నిలువున జతలు, అడ్డంగా పరీక్షలు రాయండి. మామూలు చీటీ ఒకటి, మిగతావన్నీ చిక్కువి: అర్ధరాత్రి దాటిన పట్టుబడి, జవాబు రాకముందే తెగిన సిగ్నల్, ఒకే సంఖ్యతో రెండు వేర్వేరు చీటీలు, కనిపించని అక్షరం ఉన్న పేరూ లేని పేరూ, సున్నా బరువు, ట్రేల బరువు మొత్తం కంటే ఎక్కువ ఉన్న చీటీ, తెలియని గడి, రద్దయిన చీటీకి సవరణ, తప్పు సంతకం. పరీక్ష జరుగుతుండగా ఎవరైనా నోటితో "అది అలా కాదు, ఇలా" అని వివరించాల్సి వస్తే కోడ్ ఆపి ఆ మాట రాసుకోండి. పాఠంలో లేని మాట అది. ఆ రోజు చివరికి మీ చేతికి వచ్చే అసలు ఫలితం ఆ కాగితమే.

ఎవరూ అమలు చెయ్యని ఐచ్ఛిక నియమాలను ఆ రాత్రే తీసెయ్యండి. తర్వాత చేర్చడం తేలిక, తర్వాత తియ్యడం దాదాపు జరగదు.

వెర్షన్ మార్చేటప్పుడు

1.0 విడుదలయ్యాక 1.1, 1.2లలో గడులు చేర్చవచ్చు. ఉన్న గడి అర్థం మార్చకూడదు, తియ్యకూడదు. ఇది నడవాలంటే పుచ్చుకునేవారు తెలియని గడిని వదిలేసి ముందుకెళ్లడం తప్పనిసరి అని మొదటి వెర్షన్‌లోనే ఉండాలి. అర్థం మారాల్సి వస్తే 2.0, కొత్త చిరునామాలో. పాతది ఎప్పుడు ఆగుతుందో సర్వర్ ప్రతి జవాబులోనూ సన్‌సెట్ హెడర్‌తో (జవాబు పైన ఉండే గడువు వరసతో) చెప్పాలి. 2019 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8594లో దాని రూపం ఉంది.

పాతది ఎన్నాళ్లు నడపాలన్నది సాఫ్ట్‌వేర్ వాళ్ల సౌకర్యం చూసి కాదు, పంట చూసి నిర్ణయించాలి. వనామీ రొయ్య పంట మూడున్నర, నాలుగు నెలలు పడుతుంది. సీడు వదిలినప్పుడు పాత వెర్షన్‌లో తెరిచిన చెరువు లెక్క పట్టుబడి రోజున కూడా చెల్లాలి. అందుకని కనీసం రెండు పంటల కాలం, అంటే ఎనిమిది నెలలకు తక్కువ కాకుండా రెండు వెర్షన్లూ పక్కపక్కన నడవాలి. పట్టుబడులు జోరుగా ఉన్న వారాల్లో ఏ మార్పూ విడుదల చెయ్యకండి.

విడుదలైన పాఠంలో తప్పు దొరికితే పాఠాన్ని గుట్టుగా దిద్దకండి. తప్పుల పట్టిక వేరే ఉంచి, నియమం నంబరు, పాత వాక్యం, కొత్త వాక్యం, తేదీ రాయండి. ఏ తేదీ పాఠం చూసి కోడ్ రాశారో ప్రతి జట్టూ తన సర్వీసు వర్ణనలో చెప్పాలి. తేడా వచ్చినప్పుడు ముందుగా పోల్చి చూసుకోవాల్సింది ఆ రెండు తేదీలనే.